ఇసుక నేలపై రాకెట్ ఆట – ఆడేవారికీ, నేర్పేవారికీ ఆరోగ్యం

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలకు సముద్రం చాలా దూరం. తూర్పునకు వెళ్ళినా, పడమరకు వెళ్ళినా 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తే గాని అల కనిపించదు. అటువంటి చోట సముద్రతీరపు ఆటలను గురించి పాఠమేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. అయితే ఆ ఆటలకు కావలసినది సముద్రం కాదు, ఇసుక. కోసిగి, మంత్రాలయం, నందవరం వైపు తుంగభద్ర ఒడ్డున పెరిగిన వారికి ఇసుక కొత్త కాదు. ఆ ఇసుకను రెండు మూడు ట్రాక్టర్లు పోయించుకోగల ఖాళీ స్థలం, చేతిలో ఒక చెక్క రాకెట్టు, ఎదుట నిలబడే ఒక మనిషి ఉంటే చాలు. ఈ ఆట మన ఇంటి ముంగిటికే వస్తుంది.

కూర్చుండే ఊళ్ళకు ఆట అవసరం

ఆదోని పత్తి వ్యాపారానికి పేరుపొందిన పట్టణం. ఒకప్పుడు దానిని రెండవ బొంబాయి అని కూడా పిలుచుకునేవారు. ఎమ్మిగనూరు చేనేతకు పుట్టినిల్లు. మాచాని సోమప్పగారు 1938లో అక్కడ స్థాపించిన చేనేత సహకార సంఘం ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. ఈ రెండు వృత్తులలోనూ ఒక సామ్యం ఉన్నది. వర్తకుడు ఉదయం నుండి రాత్రి వరకు అంగడిలో కూర్చుంటాడు. నేత కార్మికుడు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి, నడుము వంచి కూర్చుంటాడు. వీరికి తోడు బ్యాంకు ఉద్యోగులు, గుమాస్తాలు, పరీక్షలకు చదివే విద్యార్థులు ఉన్నారు. సాయంకాలం ఇంటికి చేరిన తరువాత కూడా మళ్ళీ కూర్చుండుటే.

ఇట్టి జీవనమునకు ఫలితంగా నలభై ఏళ్ళు నిండకమునుపే నడుము నొప్పి, మెడ పట్టివేయుట, స్థూలకాయం, మధుమేహం, రక్తపుపోటు ప్రవేశిస్తున్నాయి. వైద్యుడు నడవమని చెబుతాడు. రోగి పది రోజులు నడుస్తాడు, పదకొండవ రోజు మానివేస్తాడు. నడకలో లోపం లేదు; కాని ఒంటరిగా చేసే పనిని మానుట సులభం. ఆటలో ఎదుటివాడు మనకోసం కాచుకొని ఉంటాడు. "ఈ రోజు రారా?" అని అడుగుతాడు. ఆ ఒక్క పిలుపు ఎన్ని మందుల కంటెనైనా మేలు చేస్తుంది. వ్యాయామం ఔషధమైతే, ఆట ఆ ఔషధానికి అనుపానం వంటిది. తేనెతో కలిపిన చూర్ణం వలె సులభంగా లోపలికి దిగుతుంది.

ఈ ఆటలు ఎక్కడివి?

ఇసుకపై రాకెట్టుతో ఆడే ఆటలు కొన్ని ఉన్నాయి. వాటి స్వరూపం తెలుసుకుంటే మనకు తగినదానిని ఎన్నుకొనుట సులభం.

మొదటిది ఫ్రెస్కోబాల్. ఇది బ్రెజిల్ దేశంలోని రియో డి జనీరో నగరంలో, కోపకబానా తీరాన, 1940లలో పుట్టింది. దీనిలో నెట్టు లేదు, గెలుపోటములు లేవు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెక్క రాకెట్లతో బంతిని నేల తాకకుండా ఎంతసేపు నిలుపగలరో చూస్తారు. ఎదుటివాడు ప్రత్యర్థి కాదు, భాగస్వామి. అతడు అందుకోలేని బంతి మనం కొడితే నష్టం ఇద్దరిదీ. కుటుంబంలో ఆడుటకు ఇంతకంటె తగిన ఆట అరుదు.

రెండవది బీచ్ టెన్నిస్. ఇటలీ దేశపు తీరాలలో ఇది రూపుదిద్దుకొన్నది. 2008 నుండి అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య దీని పర్యవేక్షణ చూస్తున్నది. 16 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల ఇసుక కోర్టులో, ఇరువైపులా ఇద్దరేసి చొప్పున ఆడుతారు. నెట్టు ఎత్తు సుమారు 1.7 మీటర్లు. రాకెట్టుకు తీగల అల్లిక ఉండదు. రంధ్రాలు గల గట్టి పలక ఉంటుంది. బంతి సాధారణ టెన్నిస్ బంతి కంటె మెత్తనిది, నిదానమైనది. ఇసుకలో బంతి ఎగరదు కనుక, అది నేల తాకకముందే తిప్పికొట్టాలి.

మూడవది ఎయిర్ బ్యాడ్మింటన్. గాలికి కొట్టుకొనిపోని ప్రత్యేకమైన షటిల్‌తో ఆరుబయట ఆడుకొనుటకు ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య 2019లో దీనిని ప్రవేశపెట్టింది. ఇసుక, పచ్చిక, గట్టినేల – మూడింటిమీద దీనిని ఆడవచ్చు.

ఇవన్నీ పరదేశపు ఆటలని అనుకొనవలసిన పనిలేదు. ఆరుబయట, నెట్టుకు ఇరువైపులా నిలిచి, బంతి నేల తాకకముందే తిప్పికొట్టే ఆట మన తాతల కాలం నుండి దక్షిణ దేశంలో ఉన్నది. అదే బాల్ బ్యాడ్మింటన్. తంజావూరు ప్రాంతంలో పుట్టి, పసుపుపచ్చని ఉన్ని బంతితో, జట్టుకు ఐదుగురు చొప్పున ఆడే ఈ ఆట తెలుగునాట పాఠశాలల మైదానాలలో ఎంతగానో వర్ధిల్లింది. ఈ ఆటలో 1970లో అర్జున పురస్కారం పొందిన జమ్మలమడక పిచ్చయ్యగారు వరంగల్లులో నివసించి, నూరేళ్ళు దాటిన నిండు వయస్సులో 2021లో స్వర్గస్థులైనారు. అందరికీ అంతటి ఆయుష్షు ఆట వలననే లభిస్తుందని చెప్పలేము. అయితే బాల్యంలో పట్టిన రాకెట్టు జీవితాంతం తోడుండగలదని ఆయన జీవితం చూపుతున్నది. బాల్ బ్యాడ్మింటన్ ఆడిన పెద్దలు మీ ఇంటిలో ఉంటే ఇసుక ఆట వారికి రెండు రోజులలో పట్టుబడుతుంది. మీకు గురువు కూడా ఇంటిలోనే దొరికినట్లు.

ఇసుకకు గల విశేషం

గట్టి నేలపై పాదం మోపినప్పుడు నేల తిరిగి పాదాన్ని తోస్తుంది. ఇసుకలో పాదం కుంగుతుంది. ఆ శక్తి ఇసుకను కదిలించుటకే ఖర్చవుతుంది. అందువలన ఇసుకపై నడకకు గట్టి నేలపై నడక కంటె రెండింతలకు పైగా, పరుగుకు ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి వ్యయమవుతుందని పరిశోధకులు కొలిచి చూచినారు. అనగా ఇసుకలో అరగంట ఆట, గట్టి నేలపై సుమారు ముప్పావు గంట శ్రమతో సమానం.

దీనికి రెండు వైపులు ఉన్నాయి. దూకినప్పుడు, పడినప్పుడు మోకాళ్ళకు, నడుముకు తగిలే అదురు ఇసుకలో తక్కువ. ఇది లాభం. పాదం అటూ ఇటూ ఒరుగుతుంది కనుక పిక్కలకు, చీలమండలకు, మడమ వెనుక నరానికి శ్రమ ఎక్కువ. ఇది జాగ్రత్తపడవలసిన విషయం. మొదటి వారంలో పది, పదిహేను నిమిషాలకు మించి ఆడరాదు. తరువాత వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుకొంటూ పోవాలి.

ఆయుర్వేదం చెప్పే కొలత

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో దినచర్యను వివరించే సందర్భంలో వ్యాయామ ఫలాలను పేర్కొన్నాడు. శరీరం తేలికపడుట, పనిచేసే సామర్థ్యం పెరుగుట, జఠరాగ్ని ప్రజ్వరిల్లుట, కొవ్వు కరుగుట, అవయవాలు చక్కగా విభక్తమై దృఢపడుట వాటిలో ముఖ్యమైనవి. బలవంతుడు, నెయ్యి నూనెలతో కూడిన ఆహారం తినేవాడు శీతకాలంలోను, వసంతంలోను తన బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలనీ, తక్కిన ఋతువులలో అంతకంటె తగ్గించాలనీ ఆయన విధించాడు. మితిమీరితే దప్పిక, ఆయాసం, రక్తపిత్తం, దగ్గు, జ్వరం, వాంతి మొదలగునవి కలుగుతాయని హెచ్చరించాడు.

సగం బలమనగా ఎంత? దీనికి సుశ్రుతుడు గుర్తు చెప్పాడు. హృదయస్థానంలోని వాయువు నోటికి చేరుట, అనగా నోటితో ఊపిరి తీసుకొనవలసి వచ్చుట, సగం బలం ఖర్చయినదనుటకు సూచన. నుదుటిపైన, ముక్కుపైన, చంకలలో చెమట పట్టుట, నోరు ఎండుట కూడా ఆ గుర్తులలో చేరినవే. నేటి వ్యాయామ శాస్త్రం కూడా ఇటువంటి సులభమైన పరీక్షనే చెబుతున్నది: ఆడుతూ మాట్లాడగలిగితే శ్రమ మితంగా ఉన్నట్లు, ఒక వాక్యం పూర్తిగా పలుకలేకపోతే ఆగవలసిన సమయం వచ్చినట్లు. ఆట మధ్య పాయింట్లు పైకి లెక్కించే అలవాటు ఇందుకు చక్కగా ఉపకరిస్తుంది. లెక్క చెప్పలేనివాడు కూర్చోవాలి.

అజీర్తితో ఉన్నవారు, వాతపిత్త రోగులు, బాలురు, వృద్ధులు వ్యాయామం మానాలని వాగ్భటుడు చెప్పాడు. ఇది శరీరాన్ని అలయజేసే తీవ్రశ్రమకు సంబంధించిన నిషేధమని గ్రహించాలి. నెట్టు లేకుండా, నిలబడిన చోటనే బంతిని మెల్లగా అందించుకొనే ఆట వారికి హాని చేయదు. గుండెజబ్బు, ఆయాసం, అదుపులో లేని రక్తపుపోటు ఉన్నవారు, నలభై దాటి చిరకాలంగా శ్రమ ఎరుగనివారు వైద్యుని సంప్రదించిన తరువాతనే ఆటకు దిగాలి.

నది వద్దు, ముంగిలి ముద్దు

ఇసుక అనగానే పిల్లలను తుంగభద్ర మడుగుల వద్దకు తీసుకుపోవాలనే ఆలోచన కలుగవచ్చు. ఇది ప్రమాదకరం. ఇసుక తవ్విన చోట నదిలో లోతైన గుంతలు ఉంటాయి; పైన మోకాలి లోతు నీరే కనిపిస్తుంది. ఎగువన నీటిని వదిలినప్పుడు ప్రవాహం హఠాత్తుగా పెరుగవచ్చు. బంతి నీటిలో పడితే దానికోసం పిల్లవాడు పరుగెత్తక మానడు. కనుక ఆట నది వద్ద కాదు, ఊరిలోనే జరగాలి.

పూర్తి కోర్టుకు 16 మీటర్లు, 8 మీటర్ల స్థలంలో ఒక అడుగు లోతున ఇసుక పోయాలంటే సుమారు 39 ఘనపు మీటర్లు కావాలి. ఇది పాఠశాలకో, కాలనీ సంఘానికో సాధ్యం. ఒక కుటుంబానికి 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు చాలు. దీనికి ఆరున్నర ఘనపు మీటర్ల ఇసుక, అనగా రెండు మూడు ట్రాక్టర్ల ఇసుక సరిపోతుంది. ప్రభుత్వ అనుమతి గల చోటనుండి మాత్రమే ఇసుక కొనాలి.

ఈ ప్రాంతపు నేల ఎక్కువగా నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు పగులుతుంది. రేగడిపై నేరుగా ఇసుక పోస్తే ఒక్క వానాకాలానికే బురదలో కలిసిపోతుంది. ముందుగా పై మట్టిని జానెడు లోతున తీసి, గరుసు పరచి దిమ్మిస చేసి, నీరు పోవుటకు ఒకవైపు వాలు ఉంచి, దానిపైన ఇసుక పోయాలి. చుట్టూ రాళ్ళు పేర్చరాదు, పడినప్పుడు తలకు తగులుతాయి. ఇసుక నింపిన గోనెసంచులు గట్టుగా పెడితే మేలు.

ఇసుకను జల్లెడ పట్టి గాజు పెంకులు, తుమ్మముళ్ళు, గులకరాళ్ళు ఏరివేయాలి. ఆట ముగిసిన తరువాత టార్పాలిన్ కప్పాలి. కుక్కలు, పిల్లులు ఇసుకలో మలవిసర్జన చేస్తే అందులోని కొంకిపురుగుల పిల్లలు పాదాల చర్మంలోనికి ప్రవేశించి దురదతో కూడిన వంకరటింకర చారలను కలిగిస్తాయి. టార్పాలిన్ ఈ బాధను తప్పిస్తుంది. వారానికొకసారి ఇసుకను తిరగదువ్వి ఎండ తగలనివ్వాలి.

సాధనాలు

రాకెట్టును వడ్రంగిచేత చేయించుకోవచ్చు. పిడితో కలిపి పొడవు 50 సెంటీమీటర్లకు మించరాదు. పలక అంచులను నునుపుగా ఉలిపట్టించాలి. పిడికి పాత నూలుగుడ్డ పేలికను బిగువుగా చుడితే చెమటకు జారదు. పిడి మందం ఎంత ఉండాలి? పిడిని పట్టుకొన్నప్పుడు వేళ్ళ కొసలకు, అరచేతికి మధ్య రెండవ చేతి వేలు ఒకటి పట్టేంత ఖాళీ ఉండాలి. పిడి మరీ సన్నగా ఉంటే గట్టిగా నొక్కవలసి వచ్చి మోచేతి నొప్పి వస్తుంది.

బంతికి కొత్త టెన్నిస్ బంతి పనికిరాదు, వేగం ఎక్కువ. గాలి తగ్గి మెత్తబడిన పాత బంతి పిల్లలకు తగినది. గాలి లేని ఉదయాలలో ఉన్ని బంతితో ఆడితే చేతికి హాయిగా ఉంటుంది. నెట్టుకు బదులు రెండు గుంజల మధ్య నులకతాడు కట్టి, దానికి రంగుగుడ్డ పేలికలు వేలాడగట్టినా సరిపోతుంది. పిల్లలకు తాడు వారి తల ఎత్తున ఉంటే చాలు.

నేర్పే పద్ధతి – ఐదు వారాల పాఠం

ఆడుటలో ఒక ఆనందం ఉన్నది. నేర్పుటలో మరొక ఆనందం ఉన్నది. నేర్పేవారు క్రీడాకారులు కానక్కరలేదు. తల్లి, తండ్రి, చిన్నాయన, మేనత్త – ఓర్పు గల ఎవరైనా ఈ పాఠం చెప్పవచ్చు.

మొదటి వారం: రాకెట్టు లేకుండానే మొదలుపెట్టాలి. ఇసుకలో ఎదురెదురుగా నాలుగు అడుగుల దూరంలో నిలిచి, బంతిని కిందనుండి విసరి రెండు చేతులతో పట్టాలి. దూరాన్ని క్రమంగా పెంచాలి. కంటికి, చేతికి పొత్తు కుదురుట ఈ వారపు ఫలం. ఆ తరువాత రాకెట్టును కరచాలనం చేసినట్లు పట్టుకొని, బంతిని పలకపై ఎగురవేస్తూ లెక్కపెట్టాలి. పది వచ్చిన నాడు పిల్లవాని ముఖం చూడండి. నేర్పేవారికి అదే దక్షిణ.

రెండవ వారం: ఫ్రెస్కోబాల్ పద్ధతిలో ఇద్దరూ కలిసి బంతిని నిలపాలి. నేర్పేవారు పిల్లవాని నడుముకు, ఛాతీకి మధ్య ఎత్తున, మెల్లగా బంతిని అందించాలి. నిన్నటి లెక్క పన్నెండయితే ఈనాటి గురి పదమూడు. పోటీ ఒకరితో ఒకరికి కాదు, నిన్నటితో నేటికి.

మూడవ వారం: అడుగుల పాఠం. ఇసుకలో పెద్ద అంగలు వేస్తే పాదం కూరుకుపోతుంది. చిన్న చిన్న అడుగులతో, మోకాళ్ళు కొంచెం వంచి, మడమలపై గాక ముందుపాదంపై బరువు ఉంచి కదలాలి. నేర్పేవారు కుడికి ఒకటి, ఎడమకు ఒకటి చొప్పున బంతులు వేయాలి. ఆరు బంతుల తరువాత తప్పక విశ్రాంతి.

నాలుగవ వారం: తాడు కట్టి, దానిమీదుగా ఆట. సర్వీసును మొదట కిందనుండే చేయించాలి. భుజంపైనుండి కొట్టే సర్వీసు పన్నెండేళ్ళు నిండని పిల్లలకు తొందరపడి నేర్పరాదు. భుజానికి, మోచేతికి భారమవుతుంది.

ఐదవ వారం: ఇరువైపులా ఇద్దరేసి ఆట. ఇక్కడ అసలు పాఠం నోటిది. ఇద్దరి మధ్యకు వచ్చే బంతిని "నాది" అనో, "నీది అక్కా" అనో బిగ్గరగా పలకాలి. పలుకని జట్టులో బంతి మధ్యలో పడుతుంది, లేదా రాకెట్లు రెండూ ఢీకొంటాయి. ఇంటిలో తండ్రితో నోరు విప్పని పిల్లవాడు కోర్టులో "నాది నాయనా, వదులు!" అని అరచుట నేర్చుకుంటాడు. ఆ చనువు ఇంటివరకు వెంట వస్తుంది.

నేర్పేవారు పాటించవలసిన నియమాలు నాలుగు. ఒకసారికి ఒక్క తప్పునే దిద్దాలి. పట్టు, అడుగు, చూపు మూడూ ఒక్కసారే చెబితే ఏదీ నిలువదు. మెచ్చుకొన్నప్పుడు ఎందుకు మెచ్చుకొన్నారో చెప్పాలి. "బాగుంది" అనుటకంటె "బంతిని చివరివరకు చూచినావు, అందుకే తగిలింది" అనుట మేలు. పక్కింటి పిల్లవానితో పోల్చరాదు. పిల్లవాడు ఇంకా ఆడాలని కోరుకొంటున్నప్పుడే ఆట ముగించాలి. విసుగు పుట్టిన తరువాత ముగించిన ఆటకు మరునాడు రాడు.

నేర్పుట వలన నేర్పేవారికి కలిగే మేలు కూడా తక్కువ కాదు. బంతులు అందించే తాత వంద బంతులకు వందసార్లు మెల్లగా వంగి లేస్తాడు, తనకు తెలియకుండానే నడుముకు, తొడలకు పని కల్పిస్తాడు. పరుగెత్తలేని అవ్వ కుర్చీలో కూర్చుని పాయింట్లు లెక్కపెడుతుంది. ఆమె లెక్కే తుది తీర్పు. వృద్ధాప్యంలో మందులకంటె ముందు కావలసినది, ఇంటిలో తన మాటకు విలువ ఉన్నదనే తృప్తి.

ఆడపిల్లల విషయం

పది, పన్నెండేళ్ళు దాటగానే ఆడపిల్లల ఆట ఆగిపోవుట మన ఇళ్ళలో తరచుగా కనబడుతుంది. ఎముకలు గట్టిపడే వయస్సు సరిగా అదే. ఆ సంవత్సరాలలో ఎగిరి దూకి ఆడినవారి ఎముకలలో సున్నపు పదార్థం బాగా చేరుతుంది. నలభై ఐదేళ్ళ తరువాత ఆ నిల్వయే కాపాడుతుంది. సోదరునికి రాకెట్టు కొనే తండ్రి కుమార్తెకు కూడా కొనాలి. దూరపు మైదానానికి పంపుటకు సంకోచించే తల్లిదండ్రులకు ముంగిటి ఇసుక కోర్టు మంచి సమాధానం. తల్లి కూడా చుడీదారు ధరించి కోర్టులోనికి దిగితే కుమార్తెకు వేరే ఉపదేశం అవసరం ఉండదు. ఋతుదినాలలో బాధ లేనివారు మెల్లగా ఆడవచ్చు. నొప్పి, నీరసం ఉన్నవారు విశ్రమించాలి.

వేళ, ఆహారం, పానీయం

ఈ ప్రాంతంలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎండకు కాగిన ఇసుక గాలికంటె ఎంతో వేడెక్కి పాదాలను బొబ్బలెక్కిస్తుంది. వేసవిలో సూర్యోదయానికి అటూ ఇటూ ఒక గంట మాత్రమే ఆడాలి. సాయంకాలం ఆడదలచినవారు ముంజేతి వెనుక భాగాన్ని ఇసుకపై ఐదు క్షణాలు ఉంచి చూడాలి. ఓర్చలేకపోతే ఇంకా వేళ కాలేదన్నమాట. గ్రీష్మంలో వ్యాయామాన్ని తగ్గించాలన్న పూర్వుల మాట ఈ ఊళ్ళకు అక్షరాలా వర్తిస్తుంది.

ఆటకు ముందు కడుపునిండా తినరాదు, పూర్తిగా పస్తు కూడా ఉండరాదు. ఒక అరటిపండో, రెండు ఖర్జూరాలో చాలు. ఆటకు అరగంట ముందు ఒక గ్లాసు నీరు, ఆట మధ్య ప్రతి పదిహేను నిమిషాలకు కొన్ని గుక్కలు తాగాలి. ఆట తరువాత ఉప్పు, జీలకర్ర పొడి, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ శ్రేష్ఠం. నానబెట్టిన సబ్జాగింజలతో నిమ్మరసం దాహాన్ని తీరుస్తుంది. బాగా చెమట పోయి నీరసించినవారికి, లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా ఇవ్వాలి. ఇక్కడ చెంచా అనగా తలకొట్టిన టీ చెంచా.

ఆదివారం ఉదయం ఆట ముగియగానే ఉగ్గాని, బజ్జీల మీదికి మనసు పోవుట సహజం. బొరుగుల ఉగ్గాని తేలికైన ఆహారమే. వేరుసెనగ పప్పు, ఉల్లిపాయ, నిమ్మరసం చేర్చి తినవచ్చు. బజ్జీలను మాత్రం ఆటతో కరిగించిన కొవ్వును తిరిగి తెచ్చిపెట్టే అతిథులుగా భావించి, ఒకటి రెండింటితో సాగనంపాలి. రాత్రికి జొన్నరొట్టె, ఆకుకూర పప్పు చక్కని భోజనం.

ఆట తరువాత శరీరాన్ని సుఖంగా మర్దించుకొనాలని శాస్త్రం చెప్పింది. గోరువెచ్చని నువ్వులనూనెతో పిక్కలను, పాదాలను పైకి మర్దించి, అరగంట తరువాత స్నానం చేస్తే మరునాటి కండరాల నొప్పి తగ్గుతుంది.

దెబ్బలు, బాధలు – గృహ చికిత్స

చీలమండ బెణికితే వెంటనే ఆట ఆపాలి. చన్నీటిలో తడిపిన గుడ్డను గాని, గుడ్డలో చుట్టిన మంచుముక్కలను గాని పదిహేను నిమిషాలు ఉంచి, పట్టీ చుట్టి, కాలిని దిండుపై ఎత్తి పెట్టాలి. మొదటి రెండు రోజులు నూనె మర్దన, వేడి కాపడం పనికిరావు, వాపు పెరుగుతుంది. తరువాత చింతపండు, ఉప్పు, పసుపు కలిపి ఉడికించిన పట్టు గోరువెచ్చగా వేయుట మన ఇళ్ళలో అనుభవంలో ఉన్న చికిత్స. చర్మం చీలిన చోట వేయరాదు. నాలుగు అడుగులైనా వేయలేకపోతే, ఎముకపై నొక్కితే తీవ్రమైన నొప్పి ఉంటే, కాలిని లాగించకుండా ఎక్స్‌రే తీయించాలి.

మోచేతి వెలుపల నొప్పి మొదలైతే రెండు మూడు వారాలు రాకెట్టుకు విరామమివ్వాలి. తిరిగి ఆడేటప్పుడు పిడిని పిచ్చుకను పట్టుకొన్నట్లు పట్టాలి, ఎగిరిపోరాదు, నలిగిపోరాదు.

కంటిలో ఇసుక పడితే నలపరాదు. శుభ్రమైన నీటిని ధారగా పోసి కడగాలి. మంట తగ్గకపోతే కంటి వైద్యునికి చూపాలి. ఆకు పసర్లు, తేనె కంటిలో వేయరాదు.

మధుమేహం ఉన్నవారు వట్టి కాళ్ళతో ఇసుకలో దిగరాదు. వారిలో కొందరికి పాదాల స్పర్శ తగ్గి ఉంటుంది. ముల్లు గుచ్చినా, బొబ్బ లేచినా తెలియదు. మందమైన మేజోళ్ళు, మెత్తని బూట్లు ధరించి, ఆట తరువాత పాదాలను వెలుతురులో పరీక్షించుకొనాలి. ఇన్సులిన్ గాని, మాత్రలు గాని వాడేవారు జేబులో చక్కెరో, బెల్లపు ముక్కో ఉంచుకొనాలి. వణుకు, చెమట, కళ్ళు తిరుగుట కనిపిస్తే వెంటనే నోట వేసుకొనాలి.

ఎండదెబ్బను తేలికగా తీసుకొనరాదు. తలనొప్పి, వాంతి, ఒళ్ళు కాలుట, మాట తడబడుట, స్మారకం తప్పుట కనబడితే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా నీటితో తడిపి విసురుతూ ఆలస్యం లేకుండా ఆస్పత్రికి తరలించాలి. స్మారకం లేనివారి నోట నీరు పోయరాదు. ఆడేటప్పుడు ఛాతీలో బరువు, ఎడమచేతికి గాని దవడకు గాని పాకే నొప్పి కలిగితే అది అజీర్తి అని సరిపెట్టుకొనక వెంటనే వైద్యసహాయం పొందాలి.

ముగింపు

పత్తి ధర ఒకనాడు పెరుగుతుంది, ఒకనాడు తగ్గుతుంది. మగ్గానికి పని ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. వీటిపై మన అధికారం స్వల్పం. ఉదయం అరగంటపై మాత్రం మనకు అధికారం ఉన్నది. వారంలో నాలుగు రోజులు, రోజుకు అరగంట, సగం బలంతో, నవ్వుతూ ఆడే కుటుంబంలో ఆకలి సమయానికి వేస్తుంది, నిద్ర సమయానికి వస్తుంది, మాట మంచిగా వస్తుంది. పాఠకులు ఈ పాఠాన్ని చదివి పక్కన పెట్టక, మొదటి వారపు అభ్యాసంతో రేపే ఆరంభించగలరు. దానికి ఇసుక కూడా అక్కరలేదు, ఒక బంతి, ఒక తోడు ఉంటే చాలు.